ఉద్దానం బుల్లెట్, సాలూరు ఘాటు

(విజయనగరంలో పాత మోటారు సైకిళ్ళ అభిమానుల సమావేశంలో ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. బయట వేపచెట్టు కింద నిలిపిన బండిని మీలో చాలామంది ఇప్పటికే చుట్టూ తిరిగి చూసి వచ్చారు. ట్యాంకుకు ఎడమవైపు అరచేయి పట్టేంత సొట్ట ఉంది కదా, "మాస్టారూ, ఇంత పని చేసి దాన్నెందుకు అలా వదిలేశారు?" అని అప్పుడే ఇద్దరు అడిగారు. చెబుతాను. ముందు ఆ బండి నా దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి తోటల ఉద్దానం ఎలా ఉండేదో, ఆ పొద్దున్నకి ఎలా అయిపోయిందో ఈ జిల్లాల వాళ్ళకు నేను వర్ణించనక్కరలేదు. నెల తరవాత కవిటి వైపు నా పాత విద్యార్థి ఒకడిని పరామర్శించడానికి వెళ్ళాను. వాళ్ళ పొరుగింటి పెరట్లో కూలిన పాక, పాక మీద పడిన కొబ్బరి చెట్టు, ఆ మట్టల మధ్యలోంచి పైకి పొడుచుకొచ్చిన ఒక హ్యాండిలు కనిపించాయి. తోట మొత్తం పోయిన ఇంట్లో పాత బండి గురించి అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ ఇంటి మామ్మగారే అడిగారు. "ఆ ఇనుము మీకేమైనా పనికొస్తుందా మాస్టారూ? ఆయన పోయాక దాన్ని ఎవరూ తన్నలేదు."

ఆయన పోయి అప్పటికి ఇరవై రెండేళ్ళు.

అది 1968 నాటి బుల్లెట్, 350. టూల్ బాక్సు మూత బలవంతంగా తెరిస్తే లోపల సగం చెదలు తిన్న చిన్న నోటు పుస్తకం దొరికింది. పెట్రోలు లెక్కలు. బరంపురం, పూరీ, కటకం, మరోవైపు రాజమండ్రి. ఒకే బండి మీద, ఒకే మనిషి, వెనక సీటు మీద బహుశా ఈ మామ్మగారు. అందుకే ఇది నా దృష్టిలో దూర ప్రయాణాల బండి. కొట్టుకు వెళ్ళి పంచదార తెచ్చుకునే బండిని బాగు చేయడం వేరు, పూరీ దాకా వెళ్ళి వచ్చిన బండిని మళ్ళీ పూరీ దాకా వెళ్ళగలిగేట్టు బాగు చేయడం వేరు. మొదటిదానికి మెరుగు చాలు. రెండోదానికి బోల్టు బోల్టూ విప్పి చూడాలి.

చరిత్ర ఎక్కువ చెప్పను, మీకు నాకంటే బాగా తెలుసు. భారత సైన్యం 1954లో 800 బుల్లెట్లకు ఆర్డరు ఇచ్చింది. మరుసటి సంవత్సరం మద్రాసు మోటార్స్ వారు ఇంగ్లండు కంపెనీతో కలిసి మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. అసలు ఇంగ్లండు కంపెనీ తరవాత మూతపడింది, ఇక్కడిది మాత్రం అదే ఇంజనును దశాబ్దాల తరబడి పోత పోస్తూ వచ్చింది. బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టను కదిలే దూరం, 90, మొత్తం 346 సీసీ. ఈ మొండితనాన్ని కొందరు వెనకబాటు అంటారు. నాకు మాత్రం అదే కలిసొచ్చింది. 1990లలో తయారైన బండి భాగాలు చాలావరకు 1968 బండికి అమరిపోతాయి. జావా బండ్ల వాళ్ళకు ఈ సుఖం లేదు. మైసూరు కర్మాగారం 1996లోనే మూతబడింది కాబట్టి వాళ్ళు ఒక్కో భాగాన్నీ వెతుక్కోవాలి. అదిగో, మూడో వరుసలో ఒకాయన తల ఊపుతున్నారు. (నవ్వులు)

కొనే ముందు ఒక్క మాట. యంత్రం కన్నా ముందు కాగితం చూడండి. ఆర్‌సీ పుస్తకంలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోవాలి. అంకెల మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిలు రుద్దండి, అచ్చు దిగుతుంది. ఎవరైనా ఆకురాయితో రుద్ది మళ్ళీ కొట్టి ఉంటే అక్షరాల లోతులో తేడా ఆ కాగితం మీద తెలిసిపోతుంది. నంబరు సరిపోకపోతే ఎంత అందమైన బండి అయినా దండం పెట్టి వచ్చేయండి. మామ్మగారు పుస్తకాన్ని పసుపు గుడ్డలో చుట్టి, ఇంటి పట్టాతో కలిపి ట్రంకు పెట్టెలో దాచారు. తుపాను దాన్ని తాకలేదు.

ఇక ఇంజను. పిస్టను బోరులో అతుక్కుపోయింది. ఇక్కడ చాలామంది కిక్ మీద నిలబడి గెంతుతారు. కిక్ పళ్ళు విరుగుతాయి, పిస్టను కదలదు. నేను ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి డీజిలు, కిరసనాయిలు కలిపి పోశాను. రోజూ పొద్దున్న కాఫీ తాగాక మరికొంచెం పోయడం, బండిని నాలుగో గేరులో వేసి వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపడం. నాలుగో గేరే ఎందుకంటే, చక్రం వైపు నుంచి తిప్పేటప్పుడు క్రాంకు మీద ఎక్కువ బలం పడేది అందులోనే. మొదటి గేరులో వేసి ఎంత లాగినా మీ నడుమే పడుతుంది. పది రోజులు ఏమీ లేదు. మా ఆవిడ "శివలింగానికి అభిషేకం చేసినట్టు చేస్తున్నారు" అంది. పదిహేడో రోజు సాయంత్రం చక్రం అంగుళం కదిలింది. ఆ అంగుళం దగ్గరే ఆగిపోయి, లాంతరు తెచ్చి, మళ్ళీ ఊపి, మళ్ళీ నూనె పోసి, రాత్రి తొమ్మిదింటికి పిస్టను కింది దాకా దిగింది. బోరు లోపల పిస్టను ఆగిన చోట గాజులా గుండ్రంగా తుప్పు గీత. బోరు చేయించి ఒక సైజు పెద్ద పిస్టను వేయించాను.

ట్యాంకు లోపలి తుప్పును గొలుసు ముక్కలు వేసి గిలకొట్టి వదిలించేవాళ్ళు ఉన్నారు. నేను ఎనిమిదో తరగతి పాఠం వాడాను. ట్యాంకు నిండా నీళ్ళు పోసి చాకలి సోడా కలపండి. మూతి దగ్గర చెక్కకు కట్టి మామూలు ఇనుప చువ్వను ట్యాంకుకు ఎక్కడా తగలకుండా లోపలికి వేలాడదీయండి. బ్యాటరీ ఛార్జరు ధన తీగ చువ్వకు, రుణ తీగ ట్యాంకుకు. తుప్పు వదులుతుంది, చువ్వ అరుగుతుంది. చువ్వ స్టెయిన్‌లెస్ స్టీలుది మాత్రం వద్దు, అందులోని క్రోమియం విష పదార్థాలుగా మారి నీళ్ళలోకి వస్తుంది. పైకి వచ్చే బుడగలు హైడ్రోజన్, కాబట్టి ఆరుబయట చేయండి. ఆ దరిదాపుల్లో బీడీ కాల్చే మేస్త్రి ఉంటే ముందు ఆయన్ని టీకి పంపించండి. పెట్రోలు కుళాయి ఇత్తడిది, దానికి మన చింతపండే చాలు.

ఇప్పుడు నా గొప్ప చెప్పుకునే ఘట్టం, అంటే నేను బోల్తా పడిన ఘట్టం. కనెక్టింగ్ రాడ్డు పై కొనలో, పిస్టను పిన్ను తిరిగే చోట ఒక కంచు బుష్, అంటే గొట్టంలాంటి తొడుగు, ఉంటుంది. అరిగిపోయింది. బజారులో దొరికేది నాకు నచ్చలేదు. మా వీధిలో పాత సామాన్ల వాడి దగ్గర పగిలిన గంట ఒకటి కనిపించింది. బుష్ కంచుది, గంట కంచుది, ఇంకేం కావాలి అనుకున్నాను. లేతు దగ్గరికి పట్టుకెళ్ళాను. లేతు మేస్త్రి రెండు నిమిషాలు కోసి, ఆపి, "మాస్టారూ, ఇది పొడి పొడిగా రాలుతోంది, నాకు నచ్చట్లేదు" అన్నాడు. నేను లోహాల గురించి ఆయనకు ఒక పాఠం చెప్పాను. ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఆయన ఓపికగా విని బుష్ చేసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి, వైసులో పెట్టి రాడ్డులోకి నొక్కాను. సగం దిగాక టింగుమంది. ఎంత చక్కటి శ్రుతి! బుష్ రెండు ముక్కలు.

ఆ ముక్కలు జేబులో వేసుకుని, వేరే పని మీద సారవకోట వైపు వెళ్ళినప్పుడు బుడితిలో దిగాను. కంచు, ఇత్తడి పనికి పేరున్న ఊరు. అక్కడ ఒక పెద్దాయన కొలిమి ముందు కూర్చుని ఉన్నారు. ముక్కను వేలి మీద నిలబెట్టి గోటితో మీటారు. చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. "ఇది మోగడానికి పుట్టింది బాబూ, మొయ్యడానికి కాదు" అన్నారు. అంతే ఆయన చెప్పింది. ఇంటికి వచ్చి పుస్తకాలు తీస్తే అదే మాట అంకెల్లో ఉంది. గంట కంచులో తగరం దాదాపు ఐదో వంతు ఉంటుంది, అందుకే మోగుతుంది, అందుకే పెళుసు. బేరింగు కంచులో తగరం అందులో సగమే. రాగి పాలు ఎక్కువ కాబట్టి దెబ్బకు ఓర్చుకుంటుంది. విశాఖలో ఫాస్ఫర్ కంచు కడ్డీ కొని తెచ్చి మళ్ళీ అదే లేతుకు వెళ్ళాను. మేస్త్రి ఏమీ అనలేదు. నవ్వలేదు కూడా. ఆయన సంస్కారం అది. ఆ బుష్ ఇప్పుడు బయట బండిలో ఉంది.

మోగడం అంటే చక్రాల సంగతి గుర్తొచ్చింది. స్పోకులు కొత్తవి వేసి బిగించేటప్పుడు రిమ్ము వంకర తీయడం ఒక ఎత్తు, స్పోకులన్నీ సమానంగా బిగిశాయో లేదో తెలుసుకోవడం ఒక ఎత్తు. చిన్న స్పానరుతో ఒక్కోదాన్నీ తట్టండి. బిగువు సమానమైతే ఒకే స్వరం వస్తుంది, వదులుగా ఉన్నది మంద్రంగా పలుకుతుంది. నాకు చెవి అంత పదునైనది కాదు. ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు నడిపిన సంగీత కళాశాల ఉన్న ఊరు కదా ఇది, అక్కడ వయొలిన్ నేర్చుకుంటున్న మా ఎదురింటి అమ్మాయిని పిలిచాను. చక్రం తిప్పుతూ నేను తట్టడం, ఆ అమ్మాయి "తాతగారూ, ఇది తగ్గింది, ఇది హెచ్చింది" అనడం. అరగంటలో అయిపోయింది. ఇన్ని వేల కిలోమీటర్లకు ఒక్క స్పోకు విరగలేదు.

రంగు సాలూరులో వేయించాను. లారీల ఊరు, రంగు చేయి తిరిగినవాళ్ళు ఉంటారు. ట్యాంకు మీది బంగారు గీతను స్టిక్కరుతో కాకుండా కుంచెతో లాగారు. ఒక క్రోమియం పూత దుకాణానికి మాత్రం, ఏ ఊరో చెప్పను, హెడ్‌లైటు రింగూ మరో రెండు ముక్కలూ ఇచ్చి నష్టపోయాను. సాన చక్రానికి పెట్టి ఎంత రుద్దారంటే ముక్క మీద పోత పోసిన అక్షరాలు అరిగిపోయాయి. తళతళ మెరుస్తోంది, ఎవరిదో తెలియడం లేదు. అప్పటి నుంచి నాకు మెరుపు మీద అనుమానం. ఇంజను లోపల, బ్రేకుల్లో, చక్రాల్లో, వైర్లలో ఒక్క రాజీ ఉండకూడదు. పై చర్మం జోలికి మాత్రం వీలైనంత తక్కువ వెళ్ళండి.

సొట్ట అంటారా, సాలూరు మేస్త్రి తీసేస్తానన్నాడు. తుపానులో కొబ్బరి చెట్టు పడిన గుర్తు అని నేనూ అనుకున్నాను. ఫోనులో మామ్మగారికి చెబితే, "అది తుపానుది కాదు. ఇచ్ఛాపురం దగ్గర ఎద్దుబండికి కొట్టినప్పటిది. తప్పు ఎద్దుదే అని ఆయన చివరిదాకా అన్నారు" అన్నారు. ఇక దాన్ని తీయించడానికి నేనెవరిని?

చట్టం సంగతి. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్ళు దాటాలి, అసలు రూపం మారకూడదు. కొత్తగా నమోదు చేస్తే నంబరులో వీఏ అని వస్తుంది, రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. బాగుంది కదా అని సంబరపడేలోపు తరవాతి వాక్యం చదవండి. ఆ బండిని రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు పోయించడానికో, మరమ్మతుకో మాత్రమే. కారు మ్యూజియం పెట్టుకునేవారికి అది సరిపోతుంది. పూరీ వెళ్ళే బండికి సరిపోదు. అందుకే నేను మామూలు రిజిస్ట్రేషన్‌నే వారసత్వ కాగితాలతో బదిలీ చేయించుకుని, ఐదేళ్ళకోసారి పొడిగించుకుంటున్నాను. కార్యాలయం చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో అడగకండి.

ఇక తన్నడం. (నవ్వులు) ఇది బలం పని అనుకుంటారు. కాదు. తాళం తిప్పి హెడ్‌లైటు మీద ఉన్న ఆమ్‌మీటరు ముల్లు చూడండి. కిక్‌ను మెల్లగా కిందికి నొక్కుతూ పోతే ముల్లు ఎడమకు వాలి, మళ్ళీ మధ్యకు వస్తుంది. ప్లగ్గుకు నిప్పురవ్వ పంపే పాయింట్లు విడిపోయాయన్న మాట. కాలికి గట్టిగా అడ్డం తగులుతుంది. అక్కడ ఆగి, ఎడమ చేతి దగ్గరున్న డీకంప్రెసర్ మీట నొక్కి, కిక్‌ను ఇంకో అంగుళం దించండి. ఉస్సుమని గాలి పోతుంది. మీట వదిలేసి, కిక్‌ను పైకి రానిచ్చి, అప్పుడు ఒక్క తన్ను, చివరిదాకా. తొందరపడి మధ్యలో తన్నారో, బండి తిరిగి తంతుంది. అలా నేను పది రోజులు కుంటుతూ నడిచాను.

మరో ప్రమాదం చెప్పాలి. ఈ బండికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మొదటి గేరు పైకి, మిగతావి కిందికి. మీ ఇప్పటి బండ్లకు అన్నీ తలకిందులు. మెదడు ఒప్పుకున్నా కాలు ఒప్పుకోదు. గజపతినగరం సంతరోజున ఒక గేదె అడ్డం వస్తే నేను బ్రేకు అనుకుని కుడికాలితో గేరు తొక్కాను. గేదె నిదానస్తురాలు కాబట్టి బతికిపోయాం. కనీసం వారం రోజులు ఖాళీ మైదానంలో తిప్పి, తరవాతే రోడ్డెక్కండి.

సాలూరు దాకా 60 కిలోమీటర్లకు అటూ ఇటూగా చదును దారి. గంటకు 55, 60 మించి వెళ్ళను. ఆ వేగంలో ఇంజను దెబ్బలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు అనిపిస్తుంది. సాలూరు దాటాక కొండల మీది ఘాటు రోడ్డు మొదలవుతుంది, సుంకి మీదుగా పొట్టంగి, ఆపైన కొరాపుట్. ఎక్కేటప్పుడు ఎలాగో ఎక్కుతుంది. అసలు పరీక్ష దిగేటప్పుడు. డ్రమ్ము బ్రేకులు వేడెక్కితే పట్టవు. రెండో గేరులో వేసి ఇంజను చేతనే పట్టి దింపాలి, న్యూట్రల్‌లో జారనివ్వడం ఆత్మహత్యే.

రెండేళ్ళ కిందట సుంకి దగ్గర బండి దగ్గింది, సైలెన్సరులో టపాకాయ పేలింది, ఆగిపోయింది. పాయింట్ల మూత విప్పితే, కామ్ మీద రుద్దుకునే పీచు మడమ అరిగి సందు మూసుకుపోయింది. నేను గ్రీజు వేయడం మరిచిన ఫలితం. సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. కొలిచే గేజీ ఇంట్లో బల్ల మీద ఉంది. సంచీలో ఉన్నది నేను వెళ్తున్న పెళ్ళి శుభలేఖ. దాని మూల చింపి, పాయింట్ల మధ్య పెట్టి, కాస్త పట్టుగా జారేట్టు స్క్రూ బిగించాను. రెండో తన్నుకు లేచింది. ఇంటికి వచ్చాక ఆ కార్డు మందం కొలిస్తే 0.38. అప్పటి నుంచి గేజీతో పాటు ఆ శుభలేఖ కూడా టూల్ సంచీలోనే ఉంటుంది. క్లచ్ కేబులు, ప్లగ్గు, పాయింట్ల సెట్టు, చైను లింకు, ట్యూబు, కాస్త వైరు, ఇవి లేకుండా ఊరు దాటకండి. రాత్రి ప్రయాణం అసలు వద్దు, 6 వోల్టుల దీపం మిణుగురు పురుగుకు అన్నగారు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

ఇథనాలు కలిపిన పెట్రోలు గురించా? మంచి ప్రశ్న. ఇప్పుడు బంకులో వచ్చేదాంట్లో 20 శాతం ఉంటోంది. ఇథనాలు గాలిలో తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును, కార్కును ఉబ్బిస్తుంది. పెట్రోలు గొట్టాలు దానికి తట్టుకునే రకంవి మార్చండి. వారం కంటే ఎక్కువ నిలిపితే కుళాయి కట్టేసి, కార్బ్యురేటరులో పెట్రోలు అయిపోయేదాకా ఇంజను నడిపి ఆపండి. మన తీర గాలికి ఇది ఇంకా ముఖ్యం.

ఖర్చా అమ్మా? బండికి మామ్మగారికి ఇచ్చినదానికి రెండింతలకు పైనే మరమ్మతుకు అయింది. మూడేళ్ళు పట్టింది. ఖచ్చితమైన లెక్క మా ఆవిడ ఈ సభలో ఉంది కాబట్టి చెప్పను. (నవ్వులు)

చివర్లో ఎవరో చేయి ఎత్తారు. చెప్పండి. మామ్మగారు బండిని మళ్ళీ చూశారా అనా?

చూశారు. తయారైన మొదటి సంక్రాంతికి కవిటి తీసుకెళ్ళాను. కొబ్బరి మొక్కలు అప్పటికి నడుం ఎత్తు వచ్చాయి. వాకిట్లో ఆపి, ఇంజను కట్టేసి, మళ్ళీ స్టార్టు చేసి చూపిద్దామనుకున్నాను. చుట్టుపక్కల పిల్లలందరూ చేరారు. ఆవిడ అరుగు మీద కూర్చుని చూశారు. నాలుగో తన్నుకు లేచింది. ట్యాంకు మీద సొట్ట దగ్గర చేయి పెట్టి కాసేపు ఉంచి, "ఆయన రెండో తన్నుకే లేపేవారు మాస్టారూ" అన్నారు.

ఇప్పుడు నాకు మూడు పడుతున్నాయి. బయటికి రండి, లెక్కపెడుదురు గాని.